మాట పోయిన నాన్న మూలుగు నొప్పి వల్లేనా? ఎలా తెలుసుకోవాలి?

నాన్నకి 74. పాంక్రియాస్ క్యాన్సర్, చివరి దశ. ఇంట్లోనే చూసుకుంటున్నాం. నొప్పికి మార్ఫిన్ 10 మి.గ్రా. నాలుగు గంటలకోసారి, రాత్రి 10కి మాత్రం డాక్టర్ చెప్పినట్టు రెట్టింపు. మొన్నటిదాకా నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అంటే "ఏం లేదులేరా" అనేవారు, దుప్పటి అంచు మాత్రం పిడికిట్లో నలిగిపోతుండేది. నాలుగు రోజులుగా ఆ మాట కూడా లేదు.

మాట్లాడలేనివాళ్ల నొప్పిని చూసి అంచనా వేసే పెయినాడ్ (PAINAD) స్కేలు నర్సమ్మ నేర్పింది: శ్వాస, మూలుగు, ముఖం, ఒళ్లు, ఓదారిస్తే తగ్గడం, ఒక్కోదానికి 0 నుంచి 2. పక్కకి తిప్పేటప్పుడు 6 వస్తోంది, అది నొప్పే. చిక్కల్లా తెల్లవారుజామున 3 గంటలకి. ఊపిరి వదిలిన ప్రతిసారీ "ఊఁ" అంటారు, నుదురు మాత్రం ముడత లేకుండా ఉంటుంది. స్కోరు 3 దాటదు. చెయ్యి పట్టుకున్నా, దిండు సర్దినా ఆగదు. యూరిన్ గొట్టం చూశాం, బాగానే పోతోంది. విరేచనం నిన్ననే అయింది. అత్తయ్యేమో ఇంకో డోసు వెయ్యమంటుంది. అడక్కుండా వెయ్యడానికి నాకు ధైర్యం లేదు. పొద్దున డాక్టర్‌కి ఏం చెప్పాలో తేలట్లేదు.

ఇలాంటి వాళ్లని దగ్గరుండి చూసుకున్నవాళ్లు చెప్పండి: ముఖం ప్రశాంతంగా ఉండి ఊపిరితో పాటు వచ్చే మూలుగు నొప్పిదా, ఉత్త శ్వాస చప్పుడా అని మీరు ఏ గుర్తుతో తేల్చుకున్నారు?