కాక్‌పిట్‌లో వీడియో, రేడియో మాటలు రికార్డు చేయడం ఎలా? ఓర్వకల్లు నుంచి కొత్తగా వచ్చాను

ఓర్వకల్లు, ప్రస్తుతం ఫ్లోరిడా:

సీమ పెద్దలందరికీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి ఏడు వారాలైంది. ఒక పైలట్ శిక్షణ సంస్థలో సెస్నా 172 అనే చిన్న విమానం మీద నేర్చుకుంటున్నాను. ఇప్పటికి 19 గంటలు ఎగిరాను. 2021 మార్చిలో మా ఊరి దగ్గర విమానాశ్రయం తెరిచినప్పుడు నాన్న నన్ను బండి మీద తీసుకెళ్లి, కంచె బయట నిలబెట్టి, విమానం దిగడం చూపించారు. ఇప్పుడు నేను దించడం ఆయనకు చూపించాలని కోరిక.

మొన్న ఫోనును ముందు అద్దం దగ్గర పెట్టి తీశాను. ఇంజను హోరు తప్ప ఒక్క మాటా వినపడలేదు. ప్రొపెల్లర్ అయితే అరటికాయలు గాలిలో తేలుతున్నట్టు వంకర్లు పోయింది. ఏ కెమెరా కొనాలి? రేడియో మాటలు ఎలా పట్టాలి? ఇంకొక సంగతి కూడా. టవర్ నుంచి చెప్పేది నాకు సగమే అర్థమవుతోంది. ఇన్‌స్ట్రక్టర్‌తో చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

ప్రొద్దుటూరు, ప్రస్తుతం టెక్సస్:

తమ్ముడూ, చివర్లో సిగ్గుపడుతూ రాశావు చూడు, అదే అసలు ప్రశ్న. కెమెరా సంగతి తర్వాత చూద్దాం, ముందు శబ్దం పట్టుకో. మాట లేని వీడియోను మీ నాన్న అయినా రెండు నిమిషాలే చూస్తారు. బొమ్మ లేకపోయినా మాట స్పష్టంగా ఉన్న రికార్డింగు నీకు రోజూ పాఠం చెబుతుంది.

నేను అరిజోనాలో నేర్చుకున్నాను. చిన్నప్పుడు మా ఊరి బడిలో ఇంగ్లీషు పాఠం కూడా తెలుగులోనే చెప్పేవారు, కాబట్టి నా అవస్థ నువ్వే ఊహించుకో. మొదటి ముప్పై గంటలు టవర్‌లోని కంట్రోలర్ మాట్లాడటం మొదలుపెడితే నా చేతులు యోక్ మీద, అంటే విమానం నడిపే పిడి మీద, బిగుసుకుపోయేవి. రాత్రి గదిలో రొట్టె కాల్చుకుంటూ ఆ రోజు రికార్డింగు వినడం అలవాటు చేసుకున్నాను. వారం తిరిగేసరికి తెలిసింది, తప్పు ఆయన వేగానిది కాదని. ముందు మన విమానం పేరు, తర్వాత రన్‌వే, ఆ తర్వాత అనుమతి. ఆ వరుస దాదాపుగా మారదు. నేను ప్రతి మాటనూ కొత్తగా వింటున్నాను, అదే నా తప్పు. తొమ్మిదిని ‘నైనర్’ అనీ, మూడును ‘ట్రీ’ అనీ, అయిదును ‘ఫైఫ్’ అనీ ఎందుకు పలకాలో కూడా రికార్డింగులో నా గొంతు విన్నాకే అర్థమైంది. హోరులో ఫైవ్, నైన్ రెండూ ఒకేలా వినపడుతున్నాయి.

ఇక పద్ధతి. బయట పెట్టిన ఏ మైకైనా ఇంజనునే పట్టుకుంటుంది. నీకు కావలసింది హెడ్‌సెట్ లోపల ఉన్న మాట. చొక్కాకు తగిలించుకునే చిన్న కాలర్ మైకును హెడ్‌సెట్ చెవి గిన్నె లోపల పెట్టుకోవడం చవకైన మార్గం. సన్నటి తీగ అయితే మెత్త కిందుగా బయటికి వస్తుంది. దాన్ని జేబులోని చిన్న వాయిస్ రికార్డరుకు తగిలించు. టవర్ మాట, ఇన్‌స్ట్రక్టర్ మాట, బటన్ నొక్కి నువ్వు మాట్లాడిన మాట, మూడూ పడతాయి. తీగ లావుగా ఉంటే మెత్త చర్మానికి ఆనదు, ఆ సందులోంచి హోరు లోపలికి వస్తుంది. కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు.

రెండోది కేబుల్ మార్గం. నీ హెడ్‌సెట్‌కు రెండు పిన్నులు ఉంటాయి కదా. లావుగా ఉన్న 6.3 మిల్లీమీటర్లది వినడానికి, కాస్త సన్నగా ఉన్న 5.2 మిల్లీమీటర్లది మాట్లాడటానికి. వినే పిన్నుకూ జాక్‌కూ మధ్యలో పెట్టే అడాప్టర్ కేబుల్ దొరుకుతుంది. దాని మూడో కొస రికార్డరుకు గానీ కెమెరాకు గానీ వెళుతుంది. కొనేటప్పుడు శబ్దం స్థాయిని తగ్గించే కేబులేనా అని చూసుకో. హెడ్‌సెట్‌కు వచ్చే సంకేతం మైకు రంధ్రం తట్టుకునేదానికంటే చాలా బలమైనది. మామూలు కేబుల్ పెడితే ఇత్తడి బిందెలో కంకర పోసి ఊపినట్టు వస్తుంది. కొత్త గోప్రోల వంటి కెమెరాలకు మైకు రంధ్రం నేరుగా ఉండదు, మధ్యలో మరో అడాప్టర్ కావాలి. అందుకే నేను విడి రికార్డరునే నమ్ముకున్నాను. ఇంజను వేయకముందు రెండూ ఆన్ చేసి, కెమెరా ముందు మూడు చప్పట్లు కొడితే, ఇంటికి వచ్చాక ఆ చప్పట్ల దగ్గర బొమ్మనూ శబ్దాన్నీ కలుపుకోవచ్చు.

కేబుల్‌ను నీ జాక్‌లో పెట్టవద్దు. అది మొరాయిస్తే నీకు రేడియోనే వినపడకుండా పోతుంది. ఖాళీగా ఉన్న వెనక సీటు జాక్‌లో పెట్టు. అయితే దానికీ ఒక మెలిక ఉంది, నేను అందులోనే పడ్డాను. ఒంటరిగా చేసిన మొదటి దూర ప్రయాణం, మూడు విమానాశ్రయాలు, నా జన్మలో అంత బాగా రేడియో మాట్లాడింది లేదు. దిగి వచ్చి చూస్తే రికార్డరులో రెండున్నర గంటల నిశ్శబ్దం! ఆడియో ప్యానెల్ మీద ‘ఐసో’ అనే అమరిక ఉంటుంది, పైలట్‌ను మిగతావాళ్ల నుంచి విడదీయడానికి. అంతకుముందు ఎగిరినవాళ్లెవరో దాన్ని అలాగే వదిలేశారు, నేను చూసుకోలేదు. రేడియో నాకు మాత్రమే వచ్చింది, వెనక జాక్‌కు ఏమీ రాలేదు. ఆ వీడియో ఇంటికి పంపితే మా నాయన, ‘మూగవాడి పెళ్లిలా ఉంది’ అన్నారు.

అలా పోయినప్పుడు ఒక ఊరట ఉంది. లైవ్‌ఏటీసీ అనే వెబ్‌సైట్‌లో చాలా అమెరికా విమానాశ్రయాల టవర్ మాటలు అరగంట ముక్కలుగా దొరుకుతాయి. కొన్నాళ్లే ఉంచుతారు కాబట్టి వెంటనే దించుకో. అక్కడి సమయమంతా జూలూ లెక్క, అంటే గ్రీన్‌విచ్ సమయం. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన ఊరి సమయం.

అనంతపురం, ప్రస్తుతం మిషిగన్:

ప్రొపెల్లర్ సంగతి నేను చెబుతాను, ఫొటోల పిచ్చి ఉన్నవాణ్ణి.

కెమెరా సెన్సరు బొమ్మను ఒక్కసారిగా తీయదు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. అది చదివేలోపు రెక్క కదిలిపోతుంది, అందుకే ఆ వంకర. నిమిషానికి 2400 చుట్లు అంటే సెకనుకు 40. ఎండలో నీ ఫోను షట్టరు 1/2000 సెకనుకు వెళ్లిపోతుంది. ఆ వ్యవధిలో రెక్క తిరిగేది ఏడు డిగ్రీలే, కాబట్టి కత్తిలా స్పష్టంగా, వంకరగా పడుతుంది. అదే 1/60 సెకను అయితే 240 డిగ్రీలు తిరుగుతుంది. రెక్కలు రెండే కనుక చక్రమంతా నిండిపోయి, పలచటి పొగలా మారి, కంటికి ఆనదు. అయితే అంతసేపు తెరిచి ఉంచితే బొమ్మ తెల్లగా పాలిపోతుంది. అందుకని కటకానికి ఎన్‌డీ ఫిల్టర్ తొడగాలి. కెమెరాకు నల్ల కళ్లద్దాలు అనుకో. ఎండ తీవ్రతను బట్టి 16, 32 అంకెలవి సరిపోతాయి. పోలరైజర్ అనే ఫిల్టర్ మాత్రం కొనకు. దాంతో డిజిటల్ తెరలు కొన్ని నల్లబడతాయి, ప్లాస్టిక్ అద్దంలో హరివిల్లు చారలు తేలతాయి.

పెట్టే చోటు: ముందు సీట్ల వెనక, ఇద్దరి తలల మధ్యగా, పైకప్పుకు దగ్గరగా. మీటర్లు, కిటికీ, నీ చేతులు అన్నీ పడతాయి. దిక్సూచి దగ్గర కెమెరా గానీ అయస్కాంతం ఉన్న పట్టు గానీ పెట్టకు, ముల్లు తప్పు చూపుతుంది. కెమెరాను అద్దానికి అంటించే సక్షన్ కప్పు పట్టుకునేది బయటి గాలి ఒత్తిడి వల్లే. పైకి వెళ్లే కొద్దీ ఆ ఒత్తిడి తగ్గుతుంది, ఎనిమిది వేల అడుగుల్లో నేల మీద ఉన్నదాంట్లో నాలుగింట మూడు వంతులే. కాబట్టి కెమెరాకు తాడు కూడా కట్టు. ఊడినా రడ్డర్ పెడళ్ల కింద పడకూడదు. విమానం బయట తగిలించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. ఆ విమానం నీది కాదు, అనుమతుల గొడవా నీది కాదు.

ఎండ గురించి తాడిపత్రి నాపరాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచిన మనకు వేరే చెప్పాలా? అద్దం వెనక ఉన్న కెమెరాకు అంతకంటే కష్టం. 4కే పెడితే వేడెక్కి, సరిగ్గా దిగే సమయానికి ఆగిపోతుంది. 1080 చాలు.

ఆదోని, ప్రస్తుతం ఫ్లోరిడా:

ఒక్క ముక్క. మనమున్న ఫ్లోరిడాలో ఆంతరంగిక సంభాషణ రికార్డు చేయాలంటే అందులో ఉన్న అందరి సమ్మతీ కావాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఒకరి సమ్మతి చాలు, ఇక్కడ చాలదు. కాబట్టి ఇన్‌స్ట్రక్టర్‌ను ముందే అడుగు, కుదిరితే ఆయన ఒప్పుకున్న మాట రికార్డింగులోనే పడనీ. నీ సిగ్గు వదిలించుకోవడానికి కూడా అదే దారి. ‘టవర్ మాట అర్థం కావడం లేదు, మళ్లీ విని నేర్చుకుంటాను’ అని చెబితే కాదనే గురువు ఉండడు. నాకు తెలిసిన ఒకాయన ఎగిరి వచ్చాక తన శిష్యుడితో కూర్చుని ఆ రికార్డింగే వింటాడు.

కడప, ప్రస్తుతం బ్రిటన్:

తమ్ముడూ, అన్నలందరూ ఎలా తీయాలో చెప్పారు. ఎప్పుడు తీయకూడదో అక్కగా నేను చెబుతాను.

2014 మే 31న కొలరాడోలో వాట్కిన్స్ దగ్గర ఒక సెస్నా 150 రాత్రిపూట కూలి ఇద్దరు చనిపోయారు. శిథిలాల్లో దొరికిన గోప్రోలో అంతకుముందటి ప్రయాణాల దృశ్యాలు ఉన్నాయి. పైలట్, పక్కనున్నవాళ్లు ఫోన్లతో సెల్ఫీలు తీసుకోవడం, రాత్రివేళ ఫ్లాష్‌తో సహా, అందులో కనిపించింది. కూలిన ప్రయాణం మాత్రం అందులో లేదు. తక్కువ ఎత్తులో ఫోను మీదికి ధ్యాస మళ్లడం వల్లే పైలట్ దిక్కు తెలియని స్థితిలో పడి ఉండవచ్చని దర్యాప్తు సంస్థ తేల్చింది. కెమెరా అక్కడ ఉండటం తప్పు కాదు, దాన్ని ముట్టుకోవడమే తప్పు. ఇంజను వేయకముందు ఆన్ చెయ్యి, ఇంజను ఆపాక ఆఫ్ చెయ్యి. మధ్యలో ఎర్ర దీపం వెలుగుతోందో లేదో కూడా చూడకు. ఆగిపోతే ఆగిపోనీ.

ఛానెల్ పెట్టాలని ఉందా? అడగలేదు కానీ నీ వయసు వాళ్లకు ఉంటుంది. 2021 నవంబరులో ట్రెవర్ జేకబ్ అనే యూట్యూబర్ వీడియో కోసం కాలిఫోర్నియాలో తన విమానం నుంచి పారాచూట్‌తో దూకేసి, దాన్ని కొండల్లో కూలనిచ్చాడు. మరుసటి ఏడాది లైసెన్సు రద్దు చేశారు. శిథిలాలు మాయం చేసినందుకు 2023లో ఆరు నెలల జైలు శిక్ష పడింది. నువ్వు అలాంటివాడివి కాదులే. కానీ బయట పెట్టిన ప్రతి వీడియోనూ విమానయాన అధికారులు కూడా చూడగలరు, అందులో నీ చిన్న తప్పులు సైతం తేదీతో సహా ఉంటాయి. పైగా విద్యార్థి పైలట్ డబ్బు కోసం ఎగరకూడదు, నీ వీసా ఎం-1 (వృత్తి శిక్షణ విద్యార్థులకు ఇచ్చేది) అయితే చదువుకుంటూ ఉద్యోగమూ చేయకూడదు. ప్రకటనల డబ్బు దీని కిందికి వస్తుందో రాదో సంస్థలో వీసా వ్యవహారాలు చూసేవారిని అడగకుండా ఒక్క రూపాయి ముట్టుకోకు.

ఏ దేశంలో తీస్తే ఆ దేశపు చట్టం. మా బ్రిటన్‌లో మనకు ఉద్దేశించని రేడియో మాటలు అనుమతి లేకుండా వినడమే 2006 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద నేరం. లైవ్‌ఏటీసీలో ఇక్కడి విమానాశ్రయాలు కనిపించనిది అందుకే. మన దేశంలో 1937 నాటి విమాన నియమాల్లో 13వది గాలిలో ఉన్న విమానం నుంచి ఫొటోలు తీయడం గురించే. సెలవులకు వెళ్లి ఎక్కడైనా ఎగిరే అవకాశం వస్తే అడిగి తెలుసుకున్నాకే కెమెరా తియ్యి.

కర్నూలు నుంచి ఒక తల్లి:

మా అబ్బాయి ఆస్ట్రేలియాలో నేర్చుకుంటున్నాడు. సాంకేతిక సంగతులు నాకు తెలియవు, ఆ వీడియోలు చూసేదాన్ని నేను. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి హెలికాప్టర్ కనపడకుండా పోయినప్పుడు రాత్రంతా టీవీ ముందు కూర్చున్నవాళ్లం మేము. చిన్న విమానం అంటే ఇప్పటికీ గుండె దడ.

మొదటి వీడియో పంపినప్పుడు విమానం నేలను తాకబోతుండగా తిరునాళ్లలో పిల్లలు ఊదే పీపీలాంటి కూత వచ్చింది. ఏదో ప్రమాద సంకేతం అనుకుని చెమటలు పట్టాయి. వాడికి ఫోను చేస్తే నవ్వాడు. రెక్కల మీద గాలి పట్టు తప్పబోయే ముందు ఆ కూత వస్తుందట, దిగే క్షణంలో వస్తే మంచి ల్యాండింగేనట. ఆ మాట ముందే ఒక్క వాక్యం రాసి ఉంటే ఏం పోయింది?

నాయనా, ముందు ‘దిగాను’ అని రాయి. వీడియో రేపు పంపినా పరవాలేదు.

ఓర్వకల్లు, ప్రస్తుతం ఫ్లోరిడా:

అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, అలాగే రాస్తాను. ఆ కూత మా విమానంలో కూడా వస్తుంది, నాన్నకు ముందే చెప్పి ఉంచుతాను.

ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగాను. సరే అన్నారు. తనకూ మొదట్లో న్యూయార్క్ కంట్రోలర్లు అర్థమయ్యేవారు కాదట, ఆయన పుట్టింది న్యూజెర్సీలోనే! కెమెరా ఇప్పుడే కొనడం లేదు. కాలర్ మైకు, చిన్న రికార్డరు తెప్పించాను. రేపు ఉదయం 7 గంటలకు ఎగురుతున్నాను. ప్రొద్దుటూరు అన్నా, చెవి గిన్నెలో మైకు పెడితే ‘ఐసో’ తో ఇబ్బంది ఉండదు కదా?

ప్రొద్దుటూరు, ప్రస్తుతం టెక్సస్:

నీ చెవిలో వినపడేదే రికార్డవుతుంది కాబట్టి ఉండదు. అయినా ఆ అమరిక ఒకసారి చూసుకో, ఇన్‌స్ట్రక్టర్‌కు నీ మాట వినపడాలి కదా. రికార్డరులో కొత్త బ్యాటరీ వెయ్యి.