డల్లాస్‌కు అమ్మానాన్న వస్తున్నారు, ఎక్కడ ఏం తినిపించాలి?

తెనాలి_తమ్ముడు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, ఉండేది ఇర్వింగ్‌లో. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న చికెన్, చేపలు తింటారు, బీఫ్ వద్దు. మన టిఫిన్లకు మెకార్థర్ బులివార్డ్ ఎలాగూ ఉంది, కానీ ఇంత దూరం వచ్చి రోజూ ఇడ్లీలేనా? మెక్సికన్ హోటల్‌కు వెళితే అమ్మ ఏం తినగలదు? నాన్నకు బార్బెక్యూ రుచి చూపించవచ్చా? వారం మధ్యలో ఇంటి భోజనం పంపేవాళ్లు ఉన్నారా? ఆస్టిన్‌లో వంటగది ఉన్న హోటల్ రూమ్ ఏదైనా మంచిది చెప్పినా మేలే.

ఇర్వింగ్_బాబాయ్:
టిఫిన్లు బాగానే ఉంటాయి గానీ నా బాధ వేరే. మొన్న ఒకచోట, పేరెందుకులే, పెసరట్టు ఉప్మా చెప్పాను. పెసరట్టు చల్లారి వంగడం మానేశాక ఉప్మా వచ్చింది. బిల్లు కట్టేటప్పుడు ట్యాబ్లెట్ నా వైపు తిప్పి 18, 20, 25 శాతం అంటోంది. క్యూలో నిలబడింది నేను, ప్లేటు మోసింది నేను, చెత్తబుట్టలో వేసిందీ నేనే. ఇక టిప్ ఎవరికి? ఇది కాక 8.25 శాతం పన్ను.

ప్లానో_పద్మ:
బాబాయ్ గారూ, కూర్చోబెట్టి వడ్డించే చోట మాత్రం చెయ్యి వెనక్కి లాక్కోకండి. టెక్సాస్‌లో వడ్డించే పిల్లలకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతాది టిప్పుల్లో రావాలి. టిప్పులతో కలిపినా కనీస వేతనం 7.25 చేరకపోతేనే తక్కువైనది యజమాని వేయాలి. కౌంటర్ దగ్గర మీ ఇష్టం.

తమ్ముడూ, మెక్సికన్ హోటల్‌లో మీ అమ్మగారి విషయంలో జాగ్రత్త. మా అత్తగారితో పడ్డాను కాబట్టి చెబుతున్నా. రీఫ్రైడ్ బీన్స్‌లో, అంటే మెదిపి వేయించిన చిక్కుడు గింజల్లో, చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు. ఎర్రటి అన్నం చికెన్ ఉడికించిన నీళ్లతో వండుతారు. చీజ్ ఎంచిలాడా (చీజ్ చుట్టిన రొట్టె) చూడ్డానికి శుద్ధ శాకాహారమే, కానీ ఇక్కడి టెక్స్-మెక్స్ (టెక్సాస్ తరహా మెక్సికన్) పద్ధతిలో పైన పోసే చిల్లీ గ్రేవీలో బీఫ్ ఉండొచ్చు. మైదా టోర్టియాలోనూ (వాళ్ల చపాతీ) కొవ్వు కలుపుతారు, మొక్కజొన్నవి అడగండి. కూరగాయల ఫహీటా (పెనం మీద వేయించిన ముక్కలు), గ్వాకమోలే (అవకాడో పచ్చడి), సల్సా (టమాటా పచ్చడి) చెప్పుకోండి. పెనం వేరుగా ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

పాలమూరోడు:
ఇంటి భోజనం కావాలంటే హోటళ్ల వెంట తిరగకు తమ్మీ. ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఆదివారం రాత్రికల్లా వారం మెనూ పెట్టేస్తారు. పప్పు, వేపుడు, పులుసు, చపాతీలు. గ్యారేజీ ముందు కూలర్‌లో మన పేరు రాసి ఉంచుతారు, పోయి తెచ్చుకోవడమే. మాకు తెలిసిన అక్క చేసే బోన్‌లెస్ చికెన్ పచ్చడి రుచి చూస్తే మీ నాన్న వెనక్కి పోనంటాడు. నంబర్ కావాలంటే మెసేజ్ చెయ్.

లేబుల్_లలిత:
ఆ నంబర్ ఇవ్వకండి. ఇంట్లో చేసిన చికెన్ పచ్చడి అమ్మడం టెక్సాస్‌లో కుదరదు. నేను పొడులు, ఆవకాయ అమ్ముతాను. ఫుడ్ హ్యాండ్లర్ సర్టిఫికెట్ ఉంది, ప్రతి సీసా మీదా అలర్జీ వివరాలతో లేబుల్ ఉంటుంది. మీ అక్కలాంటి వాళ్ల వల్ల మా అందరికీ చెడ్డపేరు.

పాలమూరోడు:
చట్టం మారింది మేడమ్. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఇంటి వంటలు అమ్ముకోవచ్చు. వార్తలు చూడండి కాస్త.

లేబుల్_లలిత:
మారిందని నాకు మీరు చెప్పాలా? అమ్మకాల పరిమితి ఏడాదికి 50 వేల డాలర్ల నుంచి లక్షా 50 వేలు అయింది. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన వంటలు కూడా అమ్మొచ్చు, అయితే రాష్ట్ర ఆరోగ్య శాఖ దగ్గర నమోదు చేసుకుని, వండిన తేదీ వేయాలి. మాంసం, చికెన్, చేపలు, రొయ్యలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. మీరు ఆ వార్త సగమే చదివినట్టున్నారు.

పాలమూరోడు:
మా నాయనమ్మ నెలల తరబడి జాడీలో ఉంచేది. ఎవరికేమైంది? ఆమె చేతికి ఏ సర్టిఫికెట్ ఉంది?

గార్లండ్_ల్యాబ్:
ఆహార పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను, కాబట్టి ఒక మాట. ఆవకాయకు మామిడికాయ పులుపే కాపలా. పులుపు కొలత పీహెచ్ (పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) 4.6 కంటే తక్కువ ఉంటే బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని తెచ్చే క్రిమి పెరగదు. చికెన్ ముక్కకు ఆ పులుపు లేదు. పైన పిండిన నిమ్మరసం ముక్క మధ్యదాకా దిగిందో లేదో నాలుకతో తేలదు. పైగా నూనెలో మునిగి ఉంటుంది, అంటే గాలి తగలదు. ఆ క్రిమికి కావాల్సిందీ గాలి లేని చోటే. వాసన బాగుంది కదా అని ధైర్యం చేయకండి. చేసుకుంటే కొంచెం చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేయండి.

పాలమూరోడు:
సరే సార్, మీరు ల్యాబ్‌లోనే భోంచేయండి.

కాపెల్_కోడలు:
లలితగారూ, మీకు సర్టిఫికెట్ ఉంది, సంతోషం. హెచ్4 (భర్త వీసా మీద వచ్చినవాళ్ల వీసా) మీద ఈఏడీ, అంటే పని అనుమతి, లేకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ల సంగతి ఎవరైనా ఆలోచించారా? నేను ఎంటెక్ చదివాను. పది మందికి పులిహోర చేసి డబ్బు తీసుకున్నా అనుమతి లేని ఉద్యోగమే అంటారు. అందుకే ఇక్కడ ఎవరూ పేరు చెప్పరు, లేబుల్ వేయరు.

లేబుల్_లలిత:
మీ కష్టం కాదనను. కానీ లేబుల్ వేస్తే ఇంటి చిరునామా అందరికీ తెలిసిపోతుందన్న భయమైతే అక్కర్లేదు. ఇప్పుడు నమోదు చేసుకుంటే దాని బదులు నంబరు వేసుకోవచ్చు.

కాపెల్_కోడలు:
నేను వీసా గురించి మాట్లాడుతుంటే మీరు స్టిక్కర్ గురించి మాట్లాడుతున్నారు.

అడ్మిన్:
ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. విషయానికి రండి.

ఓక్_పొగ_రాజు:
ఇంతమంది మాట్లాడారు, బార్బెక్యూ ఒక్కరికీ పట్టలేదు. మా పెరట్లో స్మోకర్ (మాంసాన్ని పొగలో వండే పొయ్యి) ఉంది, పోస్ట్ ఓక్ చెట్టు కట్టెలు తప్ప వేరేవి వాడను, రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చునే మనిషిని. గ్యాస్ మీద చేసింది నా లెక్కలో బార్బెక్యూ కాదు. క్యూలో మీ వంతు రాగానే కత్తి పట్టుకున్నవాడు 'లీనా, మాయిస్టా' అంటాడు. అది బీఫ్ బ్రిస్కెట్ (ఎద్దు రొమ్ము మాంసం) ప్రశ్న, కొవ్వు తక్కువదా ఎక్కువదా అని. నాన్నగారిని కంగారుపడకుండా 'టర్కీ' అనమనండి. పొగబెట్టిన టర్కీ కోడి రొమ్ము ముక్కలు, అంచున మిరియాలు అంటుకుని, నొక్కితే రసం కారాలి. పౌండు లెక్కన తూచి కాగితం మీద పెడతారు. పచ్చి ఉల్లిపాయ, ఊరవేసిన కీర దోసకాయ, తెల్ల బ్రెడ్డు పక్కన.

ఒక్క సంగతి. మాంసం కోసే చెక్క అదే, కత్తీ అదే. బ్రిస్కెట్ కోసిన చోటే టర్కీ కోస్తారు. పట్టింపు ఉంటే తెరిచే వేళకు వెళ్లి చెక్క మార్చమని అడగండి, చాలామంది మారుస్తారు. సాసేజ్‌లో బీఫ్ కలుస్తుంది, బీన్స్‌లోనూ బ్రిస్కెట్ తునకలు వేస్తారు. డల్లాస్ డీప్ ఎలమ్ పేటలో పెకాన్ లాడ్జ్ అనే బార్బెక్యూ హోటల్ అయితే వెళ్లిన శ్రమ దండగ కాదు. మధ్యాహ్నం దాటాక వెళ్లి అయిపోయిందని ఏడవకండి.

ఇర్వింగ్_బాబాయ్:
అక్కడ కూడా ట్యాబ్లెట్ తిప్పుతారా?

ఓక్_పొగ_రాజు:
తిప్పుతారు బాబాయ్. ఈసారి ఇచ్చేయండి.

తెనాలి_తమ్ముడు:
అందరికీ థాంక్స్. పద్మక్కా, అమ్మకు నీ పోస్ట్ చదివి వినిపించాను, చీజ్ ఎంచిలాడా దగ్గర ముక్కు మూసుకుంది. ఆస్టిన్ రూమ్ గురించి ఎవరూ చెప్పలేదు.

పాలమూరోడు:
రూమ్ దొరుకుతుందిలే. మీ అమ్మ వచ్చేటప్పుడు గోంగూర విత్తనాలు తెస్తుందా? ఇక్కడ ఆకు కట్ట ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

ప్లానో_పద్మ:
విత్తనాలు ఇండియా నుంచి తేవద్దు, పత్రాలు లేకుంటే ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పడేస్తారు. నా దగ్గర నారు ఉంది. డల్లాస్ ఎండకు గోంగూర ఆనందంగా పెరుగుతుంది, ఏప్రిల్‌లో నాటితే నవంబరులో తొలి మంచు పడేదాకా కోసుకోవచ్చు. కరివేపాకు అలా కాదు, కుండీలో పెట్టి చలికాలం ఇంట్లోకి లాగాలి. 2021 ఫిబ్రవరి చలికి గ్యారేజీలో ఉన్నది కూడా పోయింది.

లేబుల్_లలిత:
నారు నాకూ కావాలి పద్మగారూ. తెల్ల కాడదా, ఎర్ర కాడదా?

ప్లానో_పద్మ:
ఎర్ర కాడ. శనివారం ఉదయం ఫ్రిస్కో హనుమాన్ గుడికి వస్తాను, కారు డిక్కీలో పెట్టుకొస్తా. పాలమూరు తమ్ముడూ, నువ్వూ రా. లలితగారూ ఉంటారు, పోట్లాడుకోకుండా తీసుకోండి.

పాలమూరోడు:
వస్తా అక్కా. పచ్చడి తేనులే.