మిలటరీ నర్సింగ్‌కి వెళ్లే పిల్లలకి నల్ల ట్యాగ్ గురించి ఎలా చెప్పాలి?

బొబ్బిలి ట్యూటర్:
విజయనగరంలో ఫైనలియర్ బీఎస్సీ నర్సింగ్ పిల్లలు కొందరు ఎమ్‌ఎన్‌ఎస్ (మిలటరీ నర్సింగ్ సర్వీస్) పరీక్షకి చదువుతున్నారు. ట్రయాజ్‌లో, అంటే గాయపడ్డవాళ్లలో ఎవరికి ముందు చికిత్సో తేల్చేటప్పుడు, కట్టే ఎర్ర, పసుపు, ఆకుపచ్చ, నల్ల ట్యాగులు గడగడా అప్పజెప్పేస్తారు. నల్లదంటే బతికే ఆశ బాగా తక్కువని. ఊపిరున్న మనిషికి అది కట్టాక నర్సు మనసు ఏమవుతుందో మాత్రం పాఠంలో లేదు. పీటీఎస్‌డీ (భయంకర సంఘటన తర్వాత వచ్చే మానసిక సమస్య) అని చెప్పేస్తే సరిపోతుందా?

పాలకొండ:
సరిపోదండీ. పీటీఎస్‌డీలో ప్రాణభయం పాలు ఎక్కువ. ఇక్కడ పీడించేది తప్పు చేశానన్న బాధ, సిగ్గు, పైవాళ్ల మీద కోపం. వియత్నాం యుద్ధ సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే దీన్ని మోరల్ ఇంజురీ, అంటే మనస్సాక్షికి తగిలే గాయం, అన్నారు. అందుకే భయానికి చేసినట్టు ఆ సంఘటననే పదేపదే చెప్పిస్తే ఒక్కోసారి అపరాధభావం ఇంకా గట్టిపడుతుంది.
పైగా ఎమ్‌ఎన్‌ఎస్ నర్సు కమిషన్డ్ ఆఫీసరు కూడా. 1949 మొదటి జెనీవా ఒప్పందం 12వ అధికరణం ప్రకారం ఎవరికి ముందు చికిత్స అన్నది వైద్య అవసరాన్ని బట్టే, శత్రు సైనికుడైనా సరే. చట్టంలో సందేహం లేదు. పక్క మంచాల మీది మన జవాన్ల చూపులే కష్టం.

నాగావళి:
నల్ల ట్యాగ్ అంటే వదిలీడం కాదని ముందు చెప్పండి. నొప్పి తగ్గే మందు, దుప్పటి, దగ్గర ఒక మనిషి ఉండాలి. రద్దీ తగ్గగానే మళ్లీ చూడాలి, చెయ్యి ఖాళీ అయితే ఎర్రలోకి, అంటే వెంటనే చికిత్స చేసేవాళ్లలోకి, మార్చాలి. ఈ రెండోసారి చూడడం మానేసిన చోటే తర్వాత ఎక్కువ కుమిలిపోతారు.

పాలకొండ:
అవును. తర్వాత అలా కుమిలిపోయే నర్సు చేత చేయించాల్సిన కాగితం పని ఒకటుంది. ఎంతమంది గాయపడ్డారు, రక్తం ఎన్ని యూనిట్లుంది, బండి ఎప్పుడొచ్చింది, ట్యాగ్ ఎవరు నిర్ణయించారు అన్నీ రాయించి, జరిగినదానికి బాధ్యతలో ఒక్కోదానికి వందలో వాటా వేయించాలి. తన వాటా చిట్టచివర. తన పేరు ముందు రాస్తే వందా అక్కడే పెట్టేస్తుంది. చివరికి మిగిలేది సున్నా కాకపోవచ్చు. సున్నా చేయాలని చూడకండి, మాట్లాడాల్సింది ఆ మిగిలినదాని గురించే. “నీ డ్యూటీ నువ్వు చేశావమ్మా” అంటే నోరు మూసుకుంటుంది, అంతే.

బొబ్బిలి ట్యూటర్:
క్లాసులో చేయించొచ్చా?

నాగావళి:
కల్పిత కేసుతో చేయించండి. ఏ గుంటైనా ఐసీయూ పోస్టింగ్‌లో చూసింది తలుచుకుని ఏడిస్తే అక్కడితో ఆపీసి విడిగా కూర్చోబెట్టండి. సర్వీసులో చేరాక దాచుకోవడమే పెద్ద చిక్కు. సైన్యంలో ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే మెడికల్ కేటగిరీ ‘షేప్’లో ‘ఎస్’ అంటే మానసిక స్థితి, అందులో గ్రేడు పడిపోతే పోస్టింగ్ పోతుందని భయం. ప్రభుత్వ మానసిక సాయం ఫోన్‌లైను టెలీ మానస్ 14416 నంబరు బోర్డు మీద రాయించండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న మాట వస్తే మాత్రం ఫోనుతో సరిపెట్టొద్దు, ఒంటరిగా వదలకుండా వెంటనే సైకియాట్రీకి తీసుకెళ్లాలి.