మతం అంటే 'అభిప్రాయం' అయితే, నా మతం ఏంటో క్విజ్ చెప్పొచ్చా?

పోస్టు:
నిన్న రాత్రి నిద్ర పట్టక బిలీఫ్-ఓ-మాటిక్ అనే పాత క్విజ్ ఒకటి చేశానండి. మొత్తం 20 ప్రశ్నలు, దేవుడు ఒక్కడా, చనిపోయాక ఏమవుతుంది, చెడు ఎందుకుంది లాంటివి, పైగా ఒక్కోదానికి అది నాకు ఎంత ముఖ్యమో కూడా చెప్పాలి. చివర్లో 27 మతాల లిస్టు, పక్కన శాతాలు. నాకు యూనిటేరియన్ యూనివర్సలిజం 100% వచ్చింది, ఆ పేరు వినడం అదే మొదటిసారి! మీ ఆత్మ చివరికి ఏమైనా మాకు చట్టపరంగా బాధ్యత లేదు అని కింద ఒక హెచ్చరిక కూడా ఉంది, అది చదివి చాలాసేపు నవ్వుకున్నా. సరే నా డౌటు భాషది. అభిప్రాయాలడిగి మతం చెప్పడం అసలు కుదురుతుందా, మతం అనే మాటకి మూలార్థం ఏంటి?

జవాబు:
మూలార్థం ప్రకారం అయితే భేషుగ్గా కుదురుతుంది 🙂 సంస్కృతంలో 'మన్' ధాతువుకి ఆలోచించడం అని అర్థం, దాన్నుంచి 'మతం' అంటే తలచబడినది, అంటే అభిప్రాయం. మతి, మనసు, మననం అన్నీ ఆ ఇంటివే, ఇంగ్లీషు మైండ్ కూడా దూరపు చుట్టమే. భగవద్గీత 3వ అధ్యాయం 31వ శ్లోకంలో 'యే మే మతమిదం' అని కృష్ణుడంటాడు, అక్కడ 'నా ఈ మతం' అంటే నేను చెప్తున్న ఈ మాట, ఈ అభిప్రాయం అని, ఇప్పుడు మనం ఫారంలో నింపే మతం కాదు. మనం కూడా సమ్మతం, అభిమతం అంటాం కదా, వాటిలో పాత అర్థం అలాగే ఉండిపోయింది. హిందీవాళ్ళకైతే మత్ అంటే ఓటు కూడా, కన్నడంలో మత అంటే ఓటూ అవుతుంది మతమూ అవుతుంది.

జవాబు:
ధాతువు వరకు ఒప్పుకుంటా గానీ తెలుగులో ఇవాళ మతం అంటే తలలో ఉన్న అభిప్రాయం ఒక్కటే కాదు కదండీ. పుట్టుక, పెళ్ళి, చావు, పండగ, ఎవరితో కలిసి కూర్చుని ప్రార్థన చేస్తాం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఆ క్విజ్ ఎక్కువగా ఏం నమ్ముతావనే అడుగుతుంది, రోజూ ఏం చేస్తావు, ఎవరితో ఉంటావు అన్నది దానికి పెద్దగా పట్టదు. ఏమీ నమ్మకుండానే అన్నీ పాటించేవాళ్ళకి అది ఏం చూపిస్తుందో మరి. మీకు వచ్చిన ఆ యూనిటేరియన్ యూనివర్సలిజం 1961లో అమెరికాలో రెండు సంఘాలు కలిస్తే ఏర్పడింది, ఫలానాది నమ్మి తీరాలి అనే షరతు వాళ్ళకి లేదు, అందుకే ఏ జవాబులిచ్చినా దానికి సర్దుకుపోతుంది అనుకుంటా.

పోస్టు పెట్టినవారు:
అమ్మో, అంటే నేనేదో ప్రత్యేకం అనుకున్నా 😅

జవాబు:
కేనోపనిషత్తు గుర్తు చేసుకోండి ఒకసారి, 'యస్యామతం తస్య మతం, మతం యస్య న వేద సః'. బ్రహ్మం గురించి నాకు తెలియలేదు అనుకునేవాడికే తెలిసింది, తెలిసింది అనుకునేవాడికి తెలియదు అని. ఇక్కడ మతం అంటే మళ్ళీ తలచినది, ఎరిగినది అనే, కాబట్టి ఈ లెక్కన 100% వచ్చినవాడు ఫెయిలు, 'ఏమో తెలీదు' అనే ఆప్షన్ నొక్కినవాడు పాసు.

పోస్టు పెట్టినవారు:
హహ్హ, సూపర్. ఇంకోటి, రిలిజియస్ లీనింగ్స్ అని అంటారు కదా, దీనికి 'మతాభిరుచి' అని ఎక్కడో చూశా, నాకు నచ్చలేదు, తిండిలా ఉంది.

జవాబు:
'మొగ్గు' ఉంది కదా! త్రాసు ఎటు మొగ్గిందో చూసినట్టు. మీ మనసు ఎటు మొగ్గుతోంది అంటే చాలు, రుచి ఎందుకు. ఆధ్యాత్మికం అన్న మాటే చూడండి, అధి, ఆత్మ కలిసి అయింది, తన గురించినది అని, లోపలిది ఎటు మొగ్గుతోందో తను చూసుకోవాల్సిందే.

పోస్టు పెట్టినవారు:
మొగ్గు బాగుంది, తీసుకున్నా. లిస్టులో రెండోది లిబరల్ క్వేకర్స్ వచ్చింది, దీనికి తెలుగేంటి?

జవాబు:
క్వేకర్లంటే క్రైస్తవంలోంచి వచ్చిన ఒక శాఖవాళ్ళు. క్వేక్ అంటే వణుకు, వాళ్ళని ఎగతాళి చేస్తూ జనం పెట్టిన పేరది, తర్వాత అదే నిలబడిపోయింది. తెలుగులో పెట్టాలంటే 'వణుకుళ్ళు' అనాలి, వద్దులెండి, క్వేకర్లే ఉంచుకోండి.