పాత టీవీ గాజులోంచి సీసం తీయడానికి ఏ పద్ధతి మంచిది?

పాత పిక్చర్ ట్యూబుల వెనక గరాటులా ఉండే గాజులో సుమారు 20 శాతానికి పైగా లెడ్ ఆక్సైడ్ ఉంటుంది కదా, దాన్ని బయటికి తీసే పని మీద ఉన్నాను. నైట్రిక్ యాసిడ్‌లో నానబెడితే పైపొరలోని సీసమే కరుగుతోంది, లోపలిది సిలికా అల్లికలో బిగుసుకుపోయి అస్సలు కదలట్లేదు. బాల్ మిల్లులో (గుండ్లతో నూరే యంత్రం) మెత్తగా నూరుతూ ఈడీటీఏ (లోహాలను పట్టుకునే రసాయనం) కలపడం మేలా, లేక బోరాన్ ఆక్సైడ్‌తో కరిగించి గాజు రెండు ఫేజులుగా, అంటే వేర్వేరు భాగాలుగా విడిపోయాక యాసిడ్ పెట్టడం మేలా? కొలిమిలో కార్బన్‌తో రిడక్షన్ (ఆక్సిజన్‌ని లాగేయడం) చేస్తే సీసం లోహంగానే వస్తుంది గానీ, ఆ వేడికి లేచే ఆవిరి తలుచుకుంటేనే టెన్షన్. ముందువైపు గాజులో ఎక్కువగా బేరియం, స్ట్రాన్షియమే కాబట్టి వేరుగా పెట్టాను. స్వయంగా చేసినవాళ్లుంటే పొడి ఎంత సన్నగా ఉండాలో, ముఖ్యంగా మిగిలిన ద్రావణంలో చుక్క సీసం కూడా బయటికి పోకుండా ఎలా పట్టారో చెప్పండి ప్లీజ్.