అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో తారాతారిణి కొండ ఎక్కేశాం

బరంపురం నుంచి ఒక్క పూటలో వెళ్లొచ్చేలా, మోకాళ్ల నొప్పులున్న అమ్మా, బడికెళ్లే మా పాపా నడవగలిగే కొండ ఏదైనా ఉందా అని అడిగాను కదా. ఒడిశాలో పురుషోత్తంపూర్ దగ్గరున్న తారాతారిణి అమ్మవార్ల గుడి కొండ పేరు చెప్పినవాళ్లందరికీ థాంక్స్.

మెట్లు 999. ముందు అదే టెన్షన్. డాక్టరుగారిని అడిగితే, అమ్మ మోకాళ్లకి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ భారం అన్నారు. అందుకే "ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు రోప్‌వే" అన్న సలహా భలే పనికొచ్చింది. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద వేసి, ఇంకో చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఆగి ఆగి ఎక్కింది. పాప మెట్లు లెక్కపెడుతూ ముందుకు పరిగెత్తి, లెక్క తప్పి మళ్లీ కిందికొచ్చింది!

పైనుంచి ఋషికుల్య నది వంపు, ఒడ్డున పొలాలు ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. ఎండ ముదరకముందే వెళ్లండి.

ట్రెక్కింగ్ షూస్, చేతికర్ర అక్కర్లేదు. మోకాలి పట్టీ సంచిలోనే ఉండిపోయింది. చైత్రమాసం మంగళవారాలు మాత్రం వద్దు, యాత్ర జనంలో అడుగు పెట్టే సందుండదు. రోప్‌వే నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. లేకపోయినా పైదాకా బండి రోడ్డుంది.