సంక్రాంతి సెలవుల్లో గుణకారం, భాగహారం: మీ పిల్లలతో ఏం చేయిస్తున్నారు?

భీమవరం_సుధ: మా అమ్మాయి మూడో తరగతి. ఎక్కాలు గడగడా అప్పజెప్తుంది, లెక్క ఇస్తే మాత్రం గుణించాలా భాగించాలా అని నా మొహం చూస్తుంది. పండగ మీద లెక్కలు చేయిద్దామనుకుంటున్నా. తెలుగులో వర్క్‌షీట్లు ఎక్కడ దొరుకుతాయి? రోజుకి ఎన్ని ఇవ్వాలి?

ముగ్గుల_పద్మ: వర్క్‌షీట్ ఎందుకండీ, వాకిలుందిగా. 7 చుక్కలు, 7 వరుసలు పెట్టించండి. వరుస అయిన ప్రతిసారీ ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు అనిపించండి. చివరి వరుసకి 49 అని తనే చెప్తుంది.

రమణ_విజయనగరం: ఏడుకి ఏడు వరుసలేంటండీ? మా ఇంట్లో 7 చుక్కలంటే సందు చుక్కే, అంటే పక్క వరుస చుక్కల సందుల్లో ఒక్కోటి తగ్గిస్తూ పెట్టడం, 4 వచ్చేదాకా. దానికి గుణకారం కుదరదు.

ముగ్గుల_పద్మ: నేరు చుక్క అని కూడా ఒకటుంది, చుక్క కింద చుక్క తిన్నగా పెట్టేది. ముగ్గు వేసేవాళ్ళని అడిగి మాట్లాడండి.

లెక్కల_టీచర్: మూడో తరగతికి ఏళ్ళ తరబడి లెక్కలు చెబుతున్నదాన్ని, చెప్పనివ్వండి. సందు చుక్కకీ కుదురుతుంది. మధ్య వరుస 7, పైన 6, 5, 4, కిందా అంతే. మొత్తం 37. నట్టనడిమి చుక్క వదిలేస్తే 36. దాన్ని చుట్టూ ఆరు ముక్కలుగా విడగొడితే ముక్కకి సరిగ్గా 6 చుక్కలు. రంగు ముగ్గుతో ఒక్కో ముక్క వేరు చేసి చూపిస్తే భాగహారం కళ్ళకి కడుతుంది.

రమణ_విజయనగరం: ఎనిమిదేళ్ళ పిల్లకి పండగ పూట ఈ టెన్షన్ అవసరమా? గాలిపటం ఎగరేసుకోనివ్వండి!

హైమ_కరీంనగర్: ముగ్గు గొడవ ఆపండి ముందు. మా బాబుకి ఇచ్చిన లెక్క: జాతరకి 20 మంది వెళ్ళాలి, ఆటోకి ఆరుగురు, ఎన్ని ఆటోలు? వాడు 4 అని రాశాడు. స్కూల్లో టీచర్ ఆ జవాబు కొట్టేసి "3, శేషం 2" అని దిద్దారు. ఆ ఇద్దర్నీ ఇంటి దగ్గరే వదిలేయాలా? వాడు ఏడుస్తూ వచ్చాడు.

లెక్కల_టీచర్: మీ బాబుదే రైట్, వెళ్ళి అడగండి. అదే 20 అరిసెలు ఆరుగురికి పంచితే తలా 3, డబ్బాలో 2 మిగులుతాయి. అంకెలు అవే, శేషాన్ని ఏం చేయాలో మాత్రం ఆ లెక్కలో ఉన్న వస్తువుని బట్టే తేలాలి. పంచడం, కట్టలు కట్టడం రెండూ చేయించాలి. 24 అరిసెలు 4 ఇళ్ళకి పంచితే ఇంటికెన్ని? డబ్బాకి 4 చొప్పున సర్దితే ఎన్ని డబ్బాలు? రెండిటికీ 6 వస్తుంది, చేతులు చేసే పని వేరు. ఎక్కాలొచ్చిన పిల్లలు తడబడేది ఇక్కడే.

డల్లాస్_నాన్న: మాకు సంక్రాంతికి సెలవు లేదు, వీకెండ్‌లో బొమ్మల కొలువు పెట్టాం. 40 బొమ్మలు, 5 మెట్లు, మెట్టుకి 8 అని మావాడే లెక్కేసి సర్దేశాడు! అన్నట్టు, భోగిపళ్ళకి ఇక్కడ రేగుపళ్ళు దొరకట్లేదు. ఏం వాడుతున్నారు?

ముగ్గుల_పద్మ: చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకులు, చిల్లర వేయండి. చెరకు మరీ చిన్నగా తరగండి, పిల్లల తలకి తగులుతుంది.